ఊరి జల్లెడ

పదకొండేళ్ళుగా నా బతుకు గళ్ళలోనే గడుస్తోంది. ఇంట్లో కట్టుకునే లుంగీ గళ్ళది, పనిలో చూసే పట్టిక గళ్ళది. కోయిలకుంట్ల దగ్గర ఒక విత్తనాల గోదాములో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. వచ్చిన రైతు పేరు జాబితాలో వెతికి చీటీ ఇస్తాను. చీటీ చూపిస్తే వెనకాల శనగ విత్తనం బస్తా ఇస్తారు. పేరు కనిపించకపోతే బస్తా లేదు. ఇంత చిన్న పనికి ఇంత అలసట ఎందుకో నాకే తెలీదు. బస్తాలు మోసేవాళ్ళు నవ్వుతూ ఇంటికి పోతారు, కూర్చున్నవాణ్ణి నేను నడుము పట్టుకుని లేస్తాను.

జాబితా మండలమంత పొడుగు. అంతా కిందికీ పైకీ జరుపుతూ పోతే మణికట్టు ఏడుస్తుంది. అందుకని కిటికీ దగ్గరికి వచ్చిన మనిషిని మా సీమలో ఎవరైనా మొదట అడిగే మాటే నేనూ అడిగేవాణ్ణి: "యా ఊరు?" ఊరు చెప్పగానే ఫిల్టర్ పెట్టేవాణ్ణి. తక్కిన ఊళ్ళన్నీ మాయమై, ఆ ఒక్క ఊరివాళ్ళే తెరమీద మిగిలేవాళ్ళు. ఒక్క నొక్కుతో ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయగలిగిన నేను, ఇంట్లో ఫ్యాను వేగం తగ్గించాలంటే మాత్రం అనుమతి అడగాలి.

ఒక ఏడాది వాన ఆలస్యంగా పడింది. నల్లరేగడిలో పదును, అంటే విత్తనం మొలవడానికి కావలసిన తడి, నాలుగైదు రోజులకు మించి నిలవదు. ఆలోపు విత్తనం పడాలి, లేదంటే ఆ ఏటికి ఆ చేను బీడే. అప్పుడు వచ్చిందామె. యాభై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. ఊరు చెప్పింది, పేరు చెప్పింది. కాగితాలు చూడకుండానే ఫిల్టర్ పెట్టి చూశాను. లేదు.

"లేదమ్మా. రేపొకసారి రా, కొత్త పేర్లు ఎక్కుతాయేమో" అన్నాను. జాబితాలోకి రోజూ కొన్ని పేర్లు చేరుతుంటాయి కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. నిజమూ కాదు. తొందరగా తర్వాతి మనిషిని పిలవడానికి పనికొచ్చే మాట.

మరుసటి రోజు మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేదు. రిఫ్రెష్ కొట్టాను. చిన్న చక్రం తిరిగింది, పట్టిక ఒకసారి రెప్పవేసి తెరిచింది, అవే పేర్లు. ఇంకోసారి కొట్టాను. వరుసలో వెనకున్న ఒకాయన తల లోపలికి పెట్టాడు.

"గట్టిగా కొట్టప్పా, నిద్ర పోతాండాదేమో!"

"మిషన్ కాదన్నా, నిద్ర పోతాండేది ఈ అన్నే" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

మూడో రోజు ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. కాగితాలు బయటికి తీయలేదు.

"మొన్న లేదంటివి, నిన్న లేదంటివి. ఈ పొద్దు గూడా లేదనేట్లయితే చెప్పు నాయనా, విత్తేదానికి గొర్రుతో రమ్మన్న ఆయప్పను వద్దని పంపిచ్చేస్తా. పదును ఆరిపోతాండాది. మా నాయన పసుపు కుంకాలకిచ్చిన చేను. మా నాయన ఉన్నన్నాళ్ళు ఒక్క ఏడు గూడా బీడు పెట్టలా."

నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"అమ్మా, ఆ చేను యాడుండాది?"

"యాడుంటాది? మా పుట్టింటి ఊర్లో."

జాబితా తయారైంది చేల లెక్కన. ఊరు అనే గడిలో ఉండేది చేను ఉన్న ఊరు, మనిషి ఉన్న ఊరు కాదు. చాలామందికి రెండూ ఒకటే కాబట్టి ఆ తేడా నాకెప్పుడూ తగల్లేదు. నేను ఊరడిగితే, పెళ్ళయిన ఆడమనిషి అత్తగారి ఊరు చెప్పక ఇంకేం చెబుతుంది? ఆ ఊరి జల్లెడ పట్టుకుని ఎన్నిసార్లు రిఫ్రెష్ కొట్టినా, జల్లెడ బయట ఉన్న గింజ లోపలికి ఎలా వస్తుంది? పట్టికలో వరుసలు చూసీ చూసీ మనుషుల వరుసలు మరిచిపోయాను.

ఫిల్టర్ తీసేసి పేరు కొట్టాను. తండ్రి పేరుతో సహా ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది.

చీటీ రాశాను. తప్పు నాదని చెప్పాను. ఆమె చీటీ లాక్కున్నంత పని చేసి గోదాము వైపు నడిచింది. తిట్టడానికి కూడా ఆమెకు టైము లేదు.

ఆ పూట నుంచి మొదటి ప్రశ్న మార్చాను. "చేను యాడుండాది?" అంటే ఒక రైతు నన్ను ఎగాదిగా చూసి, "ఏమప్పా, కొంటావా?" అన్నాడు. ప్రతి ఒక్కరికీ వివరించి చెప్పాలి. వరుస నిదానమైంది, నడుము నొప్పి మాత్రం ఎప్పటి వేగంతోనే ఉంది.

రెండు వారాల తర్వాత ఆమె బస్టాండు దగ్గర కనిపించింది. తప్పించుకు పోదామా అనిపించింది. అయినా వెళ్ళి అడిగాను.

"మొలిచిందా అమ్మా?"

"తగ్గు పక్క మొలిచింది. మిట్ట పక్క ఆరిపోయింది. సగం చేను."

"రెండు దినాలు ముందిచ్చింటే..."

"ఇచ్చింటే మొలిచేది" అంది, నా మొహాన్నే చూస్తూ. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. "వాన లేటుగా వచ్చె, నీకు తెలివి లేటుగా వచ్చె. వాననేమంటా, నిన్నేమంటా? వచ్చే ఏడు మొదటి దినమే వస్తా. అప్పుడు గూడా ఊరడిగితే ఊరుకోను."

ఆటో వచ్చింది, ఎక్కి కూర్చుంది. యా ఊరికి పోతాండావమ్మా అని అడగబోయి, నోరు మూసుకున్నాను.