పైలట్ దిగిపోయినా ఆగని ఓడ

నా చిన్నప్పుడు గాజువాకలో నా అంతటి కంప్యూటర్ పండితుడు లేడు. నాకొచ్చిన విద్య ఒక్కటే: కదలకపోతే స్విచ్ ఆపెయ్యడం. తర్వాత ఎనిమిదో తరగతి ఎంతకీ కదలకపోతే చదువును కూడా అలాగే ఆపేశాను.

ఆ విద్యకు మొదట బలైంది మా పక్కింటి అక్క. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో ఆమె కొత్తగా చేరింది. ఆడపిల్లకు ఈ పనేమిటని సణుగుతూనే పెట్టుకున్న ఓనరు, ఒక్క బోర్డు పాడైనా ఇంటికి పంపేస్తానని ముందే చెప్పాడు. సెలవుల్లో ఫ్యాను గాలి కోసం నేనూ అక్కడే పడి ఉండేవాణ్ణి.

ఆ రోజు ఓనరు భోజనానికి వెళ్లాడు. ఎవరిదో కంప్యూటర్, కొత్తగా బిగించిన పెద్ద హార్డ్ డిస్కును గుర్తుపట్టడం లేదు. స్విచ్ వెయ్యగానే కంప్యూటర్‌ను నిద్రలేపే రాత బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఉంటుంది. దాన్నే బయోస్ అంటారు. బోర్డు తయారుచేసినవాళ్లు అందులో లోపం దొరికినప్పుడల్లా సరిదిద్ది కొత్తది రాస్తుంటారు. అక్క ఆ కొత్త రాతను ఫ్లాపీలోంచి చిప్పులోకి ఎక్కిస్తూ, మంచినీళ్లకని లేచింది. పని ఎంతవరకు వచ్చిందో చూపే గీత తెర మీద సగంలో నిలబడిపోయింది. నేను స్విచ్ ఆపేశాను.

మళ్లీ వేస్తే తెర నల్లగానే ఉంది; సగం రాతతో కంప్యూటర్ నిద్రలేవలేదు.

“ఏటి సేసావురా?”

“కదల్లేదక్కా... ఆపీసాను.”

అక్క మొహం పాలిపోయింది. చెంప పగలడం ఖాయమనుకున్నాను. ఆమె మాత్రం పళ్లు బిగించి, ఓనరు సొంత కంప్యూటర్ మూత విప్పింది. రెండింటిదీ ఒకే రకం బోర్డు. ఆయన కంప్యూటర్ పూర్తిగా లేచాక, అది నడుస్తుండగానే, స్క్రూడ్రైవర్‌తో అటు కొంచెం ఇటు కొంచెం లేపి బయోస్ చిప్పును ఊడబెరికింది. నా గుండె ఆగింది గానీ కంప్యూటర్ ఆగలేదు.

అక్కావాళ్ల నాన్నది పోర్టులో పని. “పైలట్ ఓడని రేవు దాటించి దిగిపోతాడు కదరా. దిగిపోతే ఓడ ములిగిపోద్దా? ఇదీ అంతే, లేపడం వరకే దీని పని,” అంది. ఖాళీ గాడిలో పాడైన చిప్పు పెట్టి, కొత్త రాత మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టింది. నన్ను స్విచ్ దగ్గర నిలబెట్టి, “ఎవులొచ్చినా ఆపనీకు,” అంది. ఆపినవాడికే కాపలా!

గీత సగానికి రాగానే ఓనరు వచ్చాడు.

“నా మిషను ఇప్పీసారేటి? ఆపండి ముందు!”

నేను స్విచ్‌బోర్డుకు వీపు ఆనించి అతుక్కుపోయాను. ఆయన చెవి మెలిపెట్టినా కదల్లేదు. “ఇప్పుడాపితే ఆ సిప్పు మళ్లీ పోద్ది బాబూ. రెండు నిమిషాలు,” అంది అక్క, తెర మీదనుంచి చూపు తిప్పకుండా.

గీత చివరికంటా పోయింది. చిప్పులు రెండూ వాటి వాటి చోట్లకు చేరాయి. చచ్చిన కంప్యూటర్ బీప్‌మని లేచి పెద్ద డిస్కును కూడా గుర్తుపట్టింది. ఓనరు స్టూలు దగ్గరకు లాక్కుని, “మరోపాలి సేసినప్పుడు నాకూ సూపించమ్మా,” అన్నాడు.

పెద్దయ్యాక నేనూ ఆ పనిలోనే పడ్డాను. ఏదైనా మధ్యలో నిలిచిపోతే ఇప్పటికీ చేతులు వెనక్కి కట్టుకుని, లోపల ఏం జరుగుతోందో ముందు ఆలోచిస్తాను. తెలిసినవాడికే ధైర్యమని అక్క నోటితో చెప్పలేదు, చేసి చూపించింది. మొన్న కలిసినప్పుడు, “నాను ఆపబట్టే కదక్కా నీకంత పేరొచ్చింది,” అన్నాను.

“ఔన్రా. ఈపాలి నువ్వు మా ఇల్లు తగలెట్టీయ్, ఫైరింజన్ తోలడం కూడా నేర్సీసుకుంతాను,” అంది.