జేబులో వాల్వు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ వెటకారమే. ఎవరైనా చెప్పబోతే, "ముందు వైరు చూడప్పా, యాడో ఊడిపోయుంటాది" అనేవాణ్ని. ఇప్పటికీ నమ్మను. కానీ ధర్మవరంలో జరిగింది మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. భయంతో కాదు, సిగ్గుతో.

యుద్ధం రోజులు. హిందూపురంలో ఒక మేస్త్రీ దగ్గర రేడియో రిపేరు నేర్చుకుంటున్నాను. ముందు బ్యాటరీ, తర్వాత వైర్లు, అతుకులు, అన్నీ అయ్యాకే వాల్వు జోలికి పోవాలని ఆయన పాఠం. వాల్వంటే రేడియో లోపలుండే గాజుబుడ్డి. పట్టుమని ఆరు నెలలు కాలేదు, నాకు అంతా వచ్చేసిందని పొగరు.

ధర్మవరంలో పట్టుచీరలు నేయించి అమ్మే ఒకరింట్లో బ్యాటరీ రేడియో మూగబోయిందంటే మేస్త్రీ నన్ను పంపాడు. ఆ ఇంటి అవ్వ కొడుకు పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. ఉత్తరాలు ఆగిపోయాయి. సాయంత్రం తెలుగు వార్తలు వినడమొక్కటే ఆమెకు మిగిలింది.

రెండు గంటలు కుస్తీ పట్టినా తప్పెక్కడుందో దొరకలేదు. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. మీటరు పెట్టి చూస్తే బాగానే ఉన్న వాల్వును పీకి, "ఇది మాడిపోయిందవ్వా, బెంగుళూరు నుంచి కొత్తది రావల్ల" అని జేబులో వేసుకుని వచ్చేశాను. థూ, నా బతుకు!

వారం తర్వాత, కొత్తదని చెప్పి పెట్టేద్దామని, అదే వాల్వు పట్టుకుని మళ్లీ పోయాను. గడపలో ఉండగానే రేడియోలో వార్తలు వినిపించాయి. అవ్వ పక్కనే పీట మీద కూర్చునుంది.

"నువ్వు పోయిన మర్నాటి నుంచి పలుకుతానే ఉండాదప్పా" అంది.

వెనక మూత తీశాను. వాల్వు పీకిన చోటు ఖాళీ. ఎవరూ ముట్టుకోలేదని అవ్వ కోడలు ఒట్టేసింది. అది లేకుండా రేడియోకి గొంతు రాదు. నా జేబు తడుముకున్నాను, వాల్వు అందులోనే ఉంది.

"పలుకుతాండాది గదా, దాని జోలికి పోవద్దబ్బా" అని అవ్వ బతిమాలింది.

ఊరుకోవచ్చు కదా! గాలికి పోయే కంపను తగిలించుకున్నాను. ఆ ఖాళీని ఎవరైనా చూస్తే నా అబద్ధం బయటపడుతుందనిపించింది. బాగుచేసింది నేనే అనిపించుకోవాలనీ ఉంది. వాల్వు పెట్టేశాను.

"బర్మాలో" అన్న మాట దగ్గర రేడియో ఆగిపోయింది.

మళ్లీ పీకినా పలకలేదు. తర్వాత మేస్త్రీ వచ్చి ఒక్కో అతుకూ విప్పి చూసినా పలకలేదు.

"ఏం జేస్తివప్పా?" అంది అవ్వ. తిట్టినా బాగుండేది.

"పాతబడిందవ్వా" అన్నాను.

ఆ వారం రోజులూ అదెలా పలికిందో నాకు ఈనాటికీ అంతుపట్టదు. ఆపింది మాత్రం నేనే.