అత్తగారి బరువుతో సహా

మొన్న మా అల్లుడు కొత్తగా కొన్న కారుకు చక్రాలు సరిచూపించాలని అనంతపురంలోని ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోతూ, ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తారని నన్నూ మా ఆవిడనూ కూడా ఎక్కించుకున్నాడు. ఈ కాలం కుర్రవాళ్లు కారును నేలకు ఆనేటట్టు దించుకోవడం ఒక ముచ్చటట, మా అల్లుడు కూడా దించించాడు, మోకాళ్లు అరిగిన నాకు మాత్రం కుర్చీలో కూర్చున్నంత సులువుగా ఉంది. షెడ్డులో తెల్లచొక్కా కుర్రవాడు చక్రాలకు అద్దాల బిళ్లలేవో తగిలించి, తెర వెలిగించి, మర్యాదగానే మమ్మల్ని దిగమన్నాడు. కారు ఖాళీగా ఉంటేనే లెక్క సరిగ్గా వస్తుందట. నాకు నవ్వాగలేదు. మా ఆవిడకూ ఆగలేదు. ఇద్దరం ముసలివాళ్లం దిగకుండా కూర్చుని పకపకా నవ్వుతుంటే, పాపం మా అల్లుడు అందరికేసీ చూసి సిగ్గుపడ్డాడు.

ఆ నవ్వు వెనక ఉన్న కథ అరవైల నాటిది. నాకు అప్పుడే పెళ్లయింది, అనంతపురంలో చిన్న గుమాస్తా ఉద్యోగం, అత్తవారిది నల్లమాడ దగ్గర పల్లె. మా మామ శెనక్కాయల వ్యాపారి. ఆయనకు ఒక పాత కారు ఉండేది, ఎవరో దొరలు వాడి వదిలేసిందని చెప్పుకునేవాడు గానీ, దాని వాలకం చూస్తే దొరలను అదే వదిలేసినట్టుండేది. వానలు లేని ఆ సీమలో కారు కొనడమే పెద్ద విడ్డూరం, ఆయన కొన్నది మాత్రం డాబు కోసం కాదు. మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి, బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. ఆవిడ అక్క మడకశిరలో ఉండేది. అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏళ్లయింది. అక్కకు చూపు మసకబారుతోందనీ, పూర్తిగా పోకముందే ఒకసారి వచ్చి మొహం చూపించి పొమ్మందనీ ఆ దారిన తిరిగే బస్సు కండక్టరు ఒకడు కబురు మోసుకొచ్చాడు. అందుకే ఆ కారు.

తీరా ఇంటి ముందుకు వచ్చాక తెలిసింది, ఎత్తులో అది బస్సుకంటే పెద్ద తేడాగా ఏమీ లేదని. పీట వేసినా అత్త కాలు లేవలేదు. మామ వెంటనే కదిరిలో ఒక మేస్త్రీ దగ్గరికి తోలుకుపోయి, బండిని కిందికి దించమన్నాడు. ఆ మేస్త్రీ తనకు రాని పని ఒకటుందని ఒప్పుకునే మనిషి కాదు. వెనక చక్రాల మీది కమాను పట్టీలు కొన్ని ఊడదీసి, ముందు స్ప్రింగుల్లో ఒక చుట్టు కోసేసి, బండిని కోడిపెట్ట గుడ్ల మీద కూర్చున్నట్టు కూర్చోబెట్టాడు. అత్త ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. ఇల్లంతా పండగ చేసుకున్నారు.

మడకశిరకు బయలుదేరారు, ఊరి పొలిమేర దాటకముందే బండి తనంతట తాను ఎడమకు తిరిగి ఒకరి శెనక్కాయ చేలోకి దిగింది. మళ్లీ కదిరికి పోయారు. మేస్త్రీ స్టీరింగు రాడ్డు తిప్పి, వెనక చక్రం నుంచి ముందు చక్రానికి పురికొస లాగి కట్టి, వంకర ఎంతుందో చూసి సరిచేశాడు, రోడ్డు మీద చెయ్యి వదిలేసి తోలి చూపించాడు. గీత గీసినట్టు పోయింది. ఇంటికి తెచ్చి అందరూ ఎక్కితే మళ్లీ ఎడమకే. ఈసారి పట్టుబట్టి కొంతదూరం పోయేసరికి టైరు ఒక పక్కే అరిగి పగిలింది. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టారు. నిమ్మకాయలతో సహా ఎడమకు పోయింది. మేస్త్రీ ఒక్క మాటన్నాడు.

"బండి సక్కంగా ఉండాదన్నా. మీ మనుసుల్లోనే యాదో వంకర ఉండాది."

మామకు పౌరుషం వచ్చింది. ఈ ఆదివారం లోపల తిన్నగా నడవకపోతే కదిరిలోనే ఎవరికో అమ్మేస్తానని ఇంట్లో ప్రకటించాడు. ఆయన ఆ మాట అన్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను, సెలవు పెట్టుకుని అత్తవారింట మర్యాదలు అందుకుంటున్న కొత్త అల్లుణ్ని. మా అత్త తలుపు చాటున ఉంది. ఆ రోజుల్లో మా వైపు అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు, ఎదురుగా కూర్చోదు. నాకు ఇంకో ముద్ద పెట్టాలన్నా, చాలా అని అడగాలన్నా నా భార్య ద్వారానే. తలుపు చాటు నుంచి కూతురి ద్వారా మామకు ఒక కబురు వచ్చింది. రవిక కొలత మనిషి మీద తీసుకుంటారు గానీ కొయ్య మీద తీసుకుంటారా, మేమందరం ఎక్కినప్పుడే బండి వంకర పోతున్నదంటే, మమ్మల్ని ఎక్కించుకునే సరిచేయమనండి అని.

మామ ఇది విని నవ్వాడు, తరువాత నవ్వడం మానేశాడు. మరునాడు అందరం కదిరికి పోయాం. పోయాం అంటే, ఎడమకు పోతున్న బండిని మామ కుడికి లాగుతూ, దారి పొడవునా కుస్తీ పట్టుకుంటూ పోయాడు.

మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. ఇంతమందిని మోసిన కారు అంత కిందికి కుంగితే తాను దాని కింద దూరేదెలా అన్నాడు. షెడ్డు ముందు ఒక పంట కాలువ ఉండేది, నేను పుట్టకముందు తవ్వారట, నీళ్లు ఎన్నడూ చూడలేదు. దాని మీద అడ్డంగా రెండు బండలు పరిచి, ఒక్కొక్క వైపు చక్రాలు ఒక్కొక్క బండ మీదికి వచ్చేటట్టు కారు ఎక్కించి, మేస్త్రీ కాలువలోకి దిగాడు. నీళ్లకు పనికిరాకపోయినా ఆ కాలువ మనుషులకు పనికొచ్చిన రోజు అదేననుకుంటాను.

స్టీరింగు ముందు మామ. ఆయన పక్కన, మర్యాద ప్రకారం, నేను. వెనక ఎడమ తలుపు దగ్గర అత్త, మధ్యలో నా భార్య, అటువైపు మా బావమరిది, మనిషి భారీ విగ్రహం. డిక్కీలో, ఆ ప్రాంతంలో ఎక్కడికి పోయినా తీసుకుపోవలసిన నీళ్ల డబ్బా. దారిలో కూర్చున్నట్టే కూర్చోవాలి, అటూ ఇటూ కదలకూడదని మేస్త్రీ ఆజ్ఞ. ఎండ మండిపోతోంది. చుట్టూ జనం మూగారు. బస్సు కోసం నిలబడినవాళ్లు బస్సు పోయినా పోలేదు. కారు కదలకపోయినా లోపల ఇంతమంది ఇంత బుద్ధిగా ఎందుకు కూర్చున్నారో వాళ్లకు అర్థం కాలేదు, ఎవరికో ఒళ్లు బాగాలేదనుకుని ఒకాయన పలకరించి పోయాడు. టీ కొట్టతను టీలు తెచ్చి కిటికీలోంచి అందిస్తే, గ్లాసు కోసం అందరం ఒక పక్కకు వంగాం, కాలువలోంచి మేస్త్రీ లబోదిబోమన్నాడు. మా బావమరిది కాలక్షేపానికి వేయించిన శెనక్కాయలు తింటుంటే, తిన్నది చాలు, బరువు మారుతుంది అని అతని నోటికి కూడా తాళం వేశాడు.

నాకు లోపల కుతకుతలాడుతోంది. గవర్నమెంటు గుమాస్తాను, కొత్త అల్లుణ్ని, ఊరి జనం ముందు మూటలాగా కూర్చోబెట్టారు. పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని మాటిమాటికీ కిటికీలోంచి కిందికి వంగేవాణ్ని. వంగినప్పుడల్లా పురికొస జరిగేది, మేస్త్రీ మళ్లీ మొదటికొచ్చేవాడు. అత్త వెనక నుంచి, మీ ఆయన్ని కదలొద్దని చెప్పమ్మా అని కూతురికి చెప్పేది, కూతురు నాకు చెప్పేది, నేను విననట్టు ఉండేవాణ్ని. అంతలో ఎండకు నా భార్య నిద్రపోయింది. మధ్యవర్తి నిద్రపోయిన సంగతి తెలియక నేను మళ్లీ వంగాను. అప్పుడు నా వెనక నుంచి, పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారైనా నాతో మాట్లాడని గొంతు నేరుగా నాకే వినిపించింది.

"నాయనా, రవ్వంతసేపు కదలకుండా కూసో. మా అక్కకు చూపు పోకముందే నేను పోవల్ల."

ఆ గొంతులో కోపం లేదు, వేడుకోలు కూడా లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. మామ తల తిప్పి చూసి, వినలేదన్నట్టు మళ్లీ ముందుకు తిప్పుకున్నాడు. నేను రాయిలాగా కూర్చున్నాను. ముక్కు మీద ఈగ వాలినా తోలలేదు. పొద్దు వాలే వేళకు మేస్త్రీ ఒళ్లంతా దుమ్ముతో కాలువలోంచి పైకి వచ్చి, ఈ ఉపాయం తనకు ముందే తోచిందనీ మేము అడగలేదు గనుక చెప్పలేదనీ అన్నాడు.

పెనుకొండ మీదుగా మడకశిరకు ఆ కారు ఎటూ తొంగిచూడకుండా పోయింది. మామ ఒక్క చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చెయ్యి కిటికీలో పెట్టుకుని దొరలాగా తోలాడు. అత్త అక్క అరుగు మీద కూర్చుని ఉంది. చెల్లెలి మొహం రెండు చేతులతో పట్టుకుని, తన మొహానికి దగ్గరగా లాక్కుని, చాలాసేపు చూసి ఒకే మాటంది.

"ఏమే, ఇంత ముసలిదానివైపోతివేమే."

ఆ మాటకు మా అత్త ఎంత సంతోషపడిందో చెప్పలేను. తన ముసలితనం అక్కకు కనబడింది గదా. ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు, ఏడుస్తూ నవ్వారు.

ఆ తరువాత వచ్చింది అసలు తంటా. ఆ కారు మేమందరం, ఎవరి చోట్లో వాళ్లం కూర్చుంటేనే తిన్నగా నడిచేది. ఒకరు రాకపోతే ఆ చోట శెనక్కాయల మూట పెట్టాల్సి వచ్చేది. నాకు సెలవు దొరకనప్పుడు ముందు సీటులో నాకు బదులు మూటే కూర్చునేది. అది నాకంటే ఒద్దికగా కూర్చుంటుందని నా భార్య ఇప్పటికీ అంటుంది. అత్త మాత్రం ఒక్క ప్రయాణమూ మానలేదు. శింగనమల చెరువు నిండిందని ఎవరో అంటే, నీళ్లు చూడాలని అంతదూరం పోయివచ్చింది. కారులో ఉన్నంతసేపు నాతో నేరుగానే మాట్లాడేది, దిగితే మళ్లీ తలుపు చాటే.

కొన్నేళ్లకు అత్త పోయింది. ఆ తరువాత మొదటిసారి బండి తీసినప్పుడు అది మెల్లగా కుడికి లాగింది. వెనక ఎడమ తలుపు దగ్గరి బరువు లేదు గదా. కదిరి మేస్త్రీ చూసి, మూట పెట్టమన్నాడు, లేకపోతే పురికొస కట్టి మళ్లీ సరిచేస్తానన్నాడు. మామ స్టీరింగు మీది చెయ్యి తీయకుండానే జవాబు చెప్పాడు.

"వద్దులేప్పా. ఆమె లేదని బండిక్కూడా తెలిసిండాది. దాన్ని మరిపించొద్దు."

ఆ కారు ఉన్నన్నాళ్లూ ఆయన దాన్ని ఎడమకు పట్టుకుంటూనే తోలాడు.

మొన్న షెడ్డులో చివరకు దిగాం. తెర మీద గీతలన్నీ పచ్చగా మారాయి, తెల్లచొక్కా కుర్రవాడు అంతా సరిగ్గా ఉందన్నాడు. తిరిగి వస్తుంటే కారు నీళ్ల మీద పడవలాగా పోయింది. ఎవరెక్కినా, ఎవరు దిగినా దానికి ఒకటే, ఎటూ లాగదు, ఎవరినీ అడగదు. సుఖంగానే ఉంది, కాదనను. మా ఆవిడ వెనక ఎడమ తలుపు దగ్గర, వాళ్లమ్మ కూర్చున్న చోటే కూర్చుంది. ఇల్లు వచ్చిందాకా నేను ముందు సీటులో కదలకుండా కూర్చున్నాను.