ఈదమ్మ గెట్టు

ఈ మధ్య కల్వకుర్తిలో పురుగుమందుల దుకాణం ముందు నుంచి నడిచి వస్తుంటే, గొంతులో గరగరలాడే ఆ పాత వాసన తగిలి ఆగిపోయాను. దుకాణదారు నన్ను రైతు అనుకొని ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. చేనులో అక్కడక్కడ కొయ్యలు పాతాలట, వాటి మీద పిట్టలు వాలి పురుగుల్ని తింటాయట. నడి బజారులో నాకు ఒళ్లు మండిపోయింది. చేల హద్దుల్లో గెట్ల మీది పచ్చని పొదలన్నీ కొట్టించి, ఇప్పుడు ఎండు కొయ్యలు పాతమని చెప్పడానికి నోరెలా వచ్చింది? అయితే ఆ కొట్టించిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈదమ్మ గురించి చెప్పాలి.

అరవయ్యో దశకం మొదట్లో నేను ఆ చుట్టుపక్కల ఊళ్లకు గ్రామసేవకుణ్ణి. కొత్త విత్తనాలు, మందులు రైతులకు అలవాటు చేయడం నా పని. ఇరవై రెండేళ్ల వయసు, ఒక సైకిలు, ఒక ఖాకీ సంచి, చెప్పలేనంత గీర. ఈదమ్మకు నా తల్లి కంటే ఎక్కువ వయసుంటుంది. భర్త పోయాక మూడెకరాల ఎర్ర చెలకను ఒక్కతే చేసుకునేది. సగంలో జొన్న, కంది, అనుము కలిపి చల్లేది, మిగతా సగంలో ఆముదం వేసేది. జొన్న తిండికి, ఆముదం మిగతా బతుకంతటికీ. పొరుగు చేనుకు హద్దుగా ఉన్న గెట్టు పొడవునా కలే, బలుసు, రేగు, తంగేడు మనిషెత్తు పెరిగి ఉండేవి. నేను నింపాల్సిన ఆఫీసు ఫారంలో అలాంటి చోటు కోసం 'ఖాళీ జాగా' అని ఒక గడి ఉండేది. నేను ఆ గడి నింపుతుంటే ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను.

"ఖాళీ యాడున్నది సారూ? రా, సూపిస్త" అని కొడవలి పక్కన పెట్టి గెట్టు వెంట నడిపించింది. "గీ కలే పొదల మీద గోరెంకలు కూసుంటయి. గా అడుగున పూరేడు గుడ్లు వెట్టింది, జర పైలంగ నడువు. గీ బొక్క ముంగిసది. కంది పూతకు తేనెటీగలు గీ తంగేడు మీదికెల్లే వస్తయి. గీ చేను నేనొక్కదాన్నే చేసుకుంటున్ననా?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పొదల్లో పురుగు దాక్కుంటుందని, భూమి వృథా అవుతుందని శిక్షణలో నేర్పిన పాఠం అప్పజెప్పాను. పైఅధికారి వచ్చేలోగా ఒక ఆదర్శ క్షేత్రం తయారు చేయాలి. దారి పక్కనున్నది ఆమె చేనే. గెట్టు శుభ్రం చేయకపోతే విత్తనం ఇవ్వనని బెదిరించాను.

"కొట్టిస్తే కొట్టియ్యి. మల్ల గంత పెరుగుడు పదేండ్లు, యాది పెట్టుకో" అంది.

నలుగురు మనుషులు రెండు రోజులు కొట్టి, కాల్చారు. జీపులో వచ్చిన అధికారి నా భుజం తట్టి ఫోటో తీయించాడు. చీర మాసి ఉందని ఈదమ్మను పక్కకు జరగమన్నాడు. ఆమె చేనులోంచి ఆమెనే జరగమన్నాడు, నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ వానాకాలం ఆముదానికి దాసరి పురుగు పట్టింది. తెల్ల పొడి మందు గుడ్డ సంచిలో పోసి చల్లించాను. వారం తిరగకముందే పురుగు మళ్లీ వచ్చింది, తేనెటీగలు మాత్రం మళ్లీ రాలేదు. ఆకులన్నీ పోయి ఈనెలు మిగిలాయి. ఈదమ్మ ఒక ఈనె తుంచి నా చేతిలో పెట్టింది.

"ఏటేటా వచ్చే పురుగే గిది. గోరెంకలు దిగి ఏరుకతినేటియి. గిప్పుడు అవి యాడ కూసుంటయి? నీ సైకిలు మీదనా?"

ఆఫీసులో పంట పోయిన కారణం రాయాల్సి వచ్చింది. "రైతు నిర్లక్ష్యం వల్ల అని రాయి" అన్నాడు అధికారి. ఆమె తప్పేమీ లేదన్నాను. "మరి మన తప్పని రాస్తావా?" అన్నాడు. ఆయన చెప్పినట్టే రాసి, వేలిముద్ర కోసం ఆమె ఇంటికి వెళ్లాను.

"ఏం రాసినవ్?"

"పంట పోయిందని రాసిన."

"గంతే గద, పోయిన మాట నిజమే" అని వేలు నొక్కి, సిరా గోడకు తుడుచుకుంది.

మరుసటి ఏడు ఆమె గెట్టు మీద కలే గింజలు వేస్తుంటే వెళ్లి గుంతలు తవ్వాను. వద్దనలేదు. క్షమించాననీ అనలేదు. పొదల పేర్లు, పిట్టల అలవాట్లు ఆమె దగ్గర నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగమంతా గెట్లు కొట్టించమన్న ప్రతివాడితో పోట్లాడాను, అందుకు బదిలీల మీద ఎన్నో ఊళ్లు తిరగాల్సి వచ్చింది. చదివి వినిపించకుండా ఎవరి వేలిముద్రా తీసుకోలేదు. కానీ ఈదమ్మకు మాత్రం ఆ కాగితంలో ఏముందో చెప్పే ధైర్యం రాకముందే బదిలీ అయింది, నేను చెప్పేలోగా ఆమె పోయింది. ప్రభుత్వ కాగితాల్లో ఆ చేను పాడు చేసింది ఇవాళ్టికీ ఈదమ్మే.