ఏ పిల్లకి ఏ పుస్తకం

మా స్కూల్లో పనిచేసిన మ్యూజిక్ టీచరు గారు పోయిన బుధవారం చనిపోయారు. వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందండి తెలుగు టీచరు గారూ" అన్నారు. మా స్టాఫ్ రూములో ఎవరికీ పేర్లుండేవి కావు. ఎవరు చెప్పే సబ్జెక్టు వాళ్ళ పేరు. ఇద్దరం రిటైరై ఇన్నేళ్ళయినా ఆవిడ నాకు మ్యూజిక్ టీచరు గారే. ఇక్కడా అలాగే రాస్తాను.

మా నరసాపురంలో పియానో నేర్పిన మనిషి నాకు తెలిసి ఆవిడొక్కరే. స్కూల్లో ప్రేయరుకి వాయించేవారు, సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకి చెప్పేవారు. ఇంట్లో ఉన్న పియానో, ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక మిషను కుటుంబం దగ్గర వాళ్ళ నాన్నగారు కొన్నది. సముద్రపు గాలికి దాని తీగలు తుప్పు పట్టేవి. వానాకాలంలో కొన్ని మెట్లు నొక్కితే మళ్ళీ లేచేవి కావు, వేలితో పైకి లాగాలి. నాకు సంగీతం ముక్క రాదు. అయినా పుస్తకాలు కొనడానికి ఆవిడ రాజమండ్రి వెళ్తే తోడు మాత్రం నేనే. ఒక్కరే వెళ్తే భోజనం మానేసి షాపులోనే కూర్చుండిపోతారని వాళ్ళ చెల్లెలి బెంగ.

ఆ బెంగ నిజమే. మెయిన్ రోడ్డులోని ఆ షాపులో తబలాలు, గిటార్లు అన్నీ పైన ఉండేవి, పియానో పుస్తకాలు కింది అరలో దుమ్ములో ఉండేవి. ఆవిడ స్టూలు మీద కూర్చుని, పుస్తకం ఎదురుగా పెట్టుకుని, గాజు కౌంటరు మీద వేళ్ళతో చప్పుడు లేకుండా వాయించుకుంటూ పేజీ పేజీ చూసేవారు. "ఇందులో బొమ్మలెక్కువండీ, పిల్ల కళ్ళు బొమ్మల మీదే ఉంటాయి" అని ఒకటి పక్కన పెట్టేవారు. "మూడో పాఠానికే రెండు చేతులూ కలిపేశాడు, ఏంటండీ ఇంత తొందర?" అని ఇంకోటి. మంచులో బండి మీద షికారు వెళ్ళే పాటొకటి చూసి నేను నవ్వితే, "మంచు సంగతి తరవాత చూద్దాం, ముందు ఈ బొటనవేలు ఎక్కడికి పోతోందో చూడండి" అన్నారు. నాకు బొటనవేలు ఎక్కడికి పోతోందో తెలియలేదు గానీ ఆకలి మాత్రం దంచేస్తోంది.

కొత్త పిల్ల చేరగానే పుస్తకం ఇచ్చేవారు కాదు. కొన్ని వారాలు ఊరికే కూర్చోబెట్టి, చిన్న పాట వాయించి, మళ్ళీ వాయించమనేవారు. కొందరు వినగానే పట్టేస్తారు. కొందరు కాగితం చూస్తే గానీ కదలరు. కాగితం చూసే పిల్లలకి తెలిసిన పాటలున్న పుస్తకం, విని పట్టేసే పిల్లలకి ఎక్కడా వినని పాటలున్న పుస్తకం ఇచ్చేవారు. ఇదేదో తలకిందులుగా ఉందే అని అడిగాను.

"మంచి చెవి ఉన్న పిల్లకి తెలిసిన పాటిస్తే ఇంక పేజీ ఎందుకు చూస్తుందండీ? ఎన్నేళ్ళు వాయించినా చదవడం రాదు. అప్పుడు నేను లేకపోతే కొత్త పాట ఎలా నేర్చుకుంటుంది?" అన్నారు. మళ్ళీ తనే, "నా తరవాత ఈ ఊళ్ళో పుస్తకం విప్పి తనంతట తను వాయించే పిల్ల ఒక్కతి ఉంటే చాలండీ. ఆ పిల్ల ఇంకొకరికి నేర్పుతుంది" అన్నారు. ఆవిడ నోట నేను విన్న కోరిక అదొక్కటే.

మనవైపు తల్లిదండ్రుల దృష్టిలో పుస్తకం అంటే రీడరు. మూడో క్లాసుకి మూడో రీడరు, ఐదో క్లాసుకి ఐదోది. పియానో పుస్తకాల మీద కూడా ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటాయి కదా, అక్కడొచ్చింది తంటా. "మావాడు ఐదో క్లాసండీ, ఒకటో పుస్తకం ఇచ్చారేంటండి?" అని గుమ్మంలోనే నిలదీసేవారు. డబుల్ ప్రమోషన్ అడిగిన మహానుభావులు కూడా ఉన్నారు. నేనైతే తలుపేసుకునేదాన్ని. ఆవిడ మాత్రం కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మొదట్నించీ చెప్పేవారు.

అలాంటి రోజుల్లో ఒక పిల్ల వచ్చింది. వాళ్ళ నాన్నకి రొయ్యల చెరువులు బాగా కలిసొచ్చాయి. ఆ పిల్ల చెవి ఎలాంటిదంటే, ఒకసారి వింటే చాలు. సంగీతం రాని నాకే తెలిసేది. ఆ పిల్ల కోసం పుస్తకం వెతకడానికి మేం రాజమండ్రి ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాం. చివరికి బొమ్మలు లేని, రంగుల్లేని, ఒక్క తెలిసిన పాటైనా లేని పుస్తకం తెచ్చారు. పిల్ల మొహం మాడ్చుకుంది. కానీ ఏడాది తిరిగేసరికి పేజీ చదవడం మొదలుపెట్టింది, వేలు పెట్టి, తడుముకుంటూ. ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చి, "ఈ పిల్లేనండీ" అన్నారు. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

తరవాత ఊళ్ళో కీబోర్డు క్లాసులు పెట్టారు. చేరగానే మూడో గ్రేడు, యానివర్సరీకి స్టేజీ, పైగా సర్టిఫికెట్టు. పిల్ల తండ్రి హైదరాబాదు నుంచి పెద్ద కీబోర్డు తెప్పించి అక్కడ చేర్చాడు. బటన్ నొక్కితే తాళం, తోడు వాయిద్యాలు అన్నీ అవే వచ్చేస్తాయి. కుడిచెయ్యి పాట వాయిస్తే చాలు, ఎడమచేతికి పనే లేదు. పిల్ల యానివర్సరీలో సినిమా పాట వాయిస్తే ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆవిడ కూడా కొట్టారు.

రెండేళ్ళకి తండ్రి మళ్ళీ తీసుకొచ్చాడు, పియానోలో పెద్ద పరీక్ష ఏదో ఇప్పించాలని. ఆవిడ పిల్లచేత వాయింపించి, లేచి, ఆ పాత పుస్తకమే తెచ్చి ముందు పెట్టారు.

"మళ్ళీ ఒకటో పుస్తకమాండీ? ఏడో క్లాసు పిల్లండి. ఫెయిలై కూర్చుందనుకోరా ఊళ్ళో?" అన్నాడు తండ్రి.

"ఆర్నెల్లు నాకివ్వండి బాబూ. ఇదొక్కటీ పూర్తి చేయించి, మీరు ఏది చెబితే అది నేర్పుతాను" అన్నారు ఆవిడ. ఆవిడ బతిమాలడం అప్పుడే చూశాను. పిల్ల తల వంచుకుని పుస్తకం కేసే చూస్తోంది. తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. నాకు ఆ మనిషి మీద కోపం ఇప్పటికీ పోలేదు. చెడ్డవాడు కాదు, పిల్లంటే ప్రాణం. అందుకే ఇంకా కోపం.

ఆ తరవాత పిల్లలు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. ఆరో క్లాసు నుంచే ఫౌండేషన్ కోర్సులొచ్చాక సాయంత్రాలు అనేవి పిల్లలకి లేకుండా పోయాయి. ఆవిడ మాత్రం రాజమండ్రి వెళ్ళడం మానలేదు. ఒకసారి ఉండబట్టలేక, "ఎవరికండీ ఈ పుస్తకం?" అన్నాను. "ఎవరైనా వస్తే అప్పటికప్పుడు ఎక్కడ దొరుకుతుందండీ" అన్నారు. ఎవరూ రాలేదు. ఏ పద్యం ఏ పిల్లకి అప్పజెప్పాలో ఆలోచించడం నేను ఆవిణ్ణి చూసే నేర్చుకున్నాను. నా క్లాసు బాగుపడింది. ఆవిడ కోరిక మాత్రం తీరలేదు. ఊరడింపుగా ఏదో ఒకటి రాయాలని ఉంది గానీ, ఏమీ లేదు.

అంత్యక్రియల రోజు పాస్టరు గారు, టీచరు గారి పియానో మీదే ఒక కీర్తన వాయిస్తే బాగుంటుందన్నారు. అందరూ ఆ రొయ్యల చెరువులాయన అమ్మాయి వైపు చూశారు. ఇప్పుడు రామచంద్రపురంలో కాపురం, కబురు తెలిసి కూతుర్ని తీసుకుని వచ్చింది. కూర్చుని స్వరాలు రాసున్న పాటల పుస్తకం విప్పుకుంది. ఆ కీర్తన తనెప్పుడూ విన్నది కాదు. కుడిచేత్తో నాలుగు స్వరాలు వాయించింది. ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉంది. పేజీ మీద వేలు పెట్టి వెతికింది, మళ్ళీ మొదటికొచ్చింది, ఆగిపోయింది.

"చదవడం రాదండి నాకు" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

పియానో లేకుండానే పాడారు. శవపేటిక బయటికి తీసుకెళ్తుంటే నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. వెనక టంగుమని ఒక్క స్వరం వినిపించింది. ఆ అమ్మాయి కూతురు, నాలుగేళ్ళుంటాయేమో, మునివేళ్ళ మీద నిలబడి మెట్టు నొక్కింది. ఆ చప్పుడు ఆగిపోయేదాకా తల పక్కకి వాల్చి విని, సరిగ్గా ఆ స్వరానికే సన్నగా గొంతు కలిపింది.

"వద్దమ్మా, అది మనకి రాదు" అంటూ తల్లి ఆ చెయ్యి తీసేసి మూత దించేసింది. పాప మూత మీద చెవి ఆనించి అక్కడే నిలబడింది.