అయిదు చాయ్‌లు

గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్ నగర్ హాస్టల్లో ఉండే రోజులు. మా అయిదుగురు అమ్మాయిల బ్యాచ్‌కి నేనే లీడర్ని. "నాతోని కాదు" అన్నవాళ్లు అందరికీ చాయ్ తాగించాలని చాయ్ బండి దగ్గరే రూల్ పెట్టాను. రెండేళ్లు ఎవరూ ఆ మాట అనలేదు.

ప్రిలిమ్స్ ఫలితాల్లో వాళ్ల నలుగురి నంబర్లూ ఉన్నాయి, నాది లేదు. నవ్వుతూ వాళ్లను పంపేసి, బండి దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను.

"నాతోని కాదు, అన్నా" అని చాయ్ అన్నతో అనేశాను.

ఆయన అయిదు గ్లాసుల చాయ్ నా ముందు పెట్టాడు. "రూల్ నీదే గదక్కా."

మీగడ కట్టేదాకా చూసి, "ఫైన్ నాదే, రండి" అని వాట్సాప్‌లో పెట్టాను.

వచ్చారు. చల్లారిన చాయ్ తాగుతూ మాలో చిన్నదైన శ్రావణి అంది: "హాస్టల్ మెట్ల మీద కూసొని నేను రోజూ అనుకున్న మాటే అక్కా. నీకు చెప్పాలంటేనే భయమయ్యేది." మిగతా ముగ్గురూ "నేను కూడా" అన్నారు.

ధైర్యం నేర్పుతున్నాననుకుని, నలుగురినీ ఒంటరివాళ్లను చేశాను.