తాళిలో రోమన్ కాసు

పాత నాణేలు తెచ్చి చూపించేవాళ్లను నేను ముందుగా నమ్మను. ఎమ్మిగనూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాకు మిగిలిన పిచ్చి ఈ నాణేలే. పొలంలో బిందె దొరికిందంటూ ఇత్తడి బిళ్లలకు బంగారు పూత పూసి తెచ్చినవాళ్లు ఎందరో. తెల్లనివన్నీ పాలు కావని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

మొన్న ఎండాకాలంలో పెద్దకడుబూరు నుంచి ఒక వదిన, మరిది వచ్చారు. ఆమె కూలికి పోయే మనిషి. అతనిది ఆదోని పత్తి యార్డులో పని. సంగతంతా అతనే చెప్పాడు. నిరుడు అతని తల్లి పోయేముందు తన తాళిలోని బంగారు కాసును పెద్దకోడలైన ఈ వదినకు ఇచ్చిందట. ఈ మధ్య ఎవరో కంసాలి చూసి, రాజు ముఖమే లేదు, ఇది దొంగకాసు అన్నాడట. వదిన అసలుది అమ్ముకుని నకిలీది కట్టుకుందని ఇంట్లో అందరి అనుమానం. ఊళ్లోనూ ఆ మాట పాకిపోయింది.

తాళి తీసి ఇమ్మన్నాను. మెడ బోసిగా ఉండకూడదని ఆమె ముందే పసుపుకొమ్ము కట్టుకుని వచ్చింది. ఇంత తయారుగా వచ్చిందేమిటా అని నాకు అనుమానం ఇంకాస్త పెరిగింది. అతనేమో నా వేళ్ల మీంచి చూపు తిప్పడం లేదు. నేను కాసు మార్చేస్తానని కాబోలు. నాకు ఒళ్లు మండింది.

భూతద్దం కింద పెట్టి చూశాను. అంచున పోత అతుకు లేదు. ఒకవైపు నిలబడిన దేవత, చుట్టూ రోమన్ అక్షరాల్లో రాజబిరుదు. అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, సందుల్లో పసుపు గట్టిపడి ఉంది. రెండోవైపు మాత్రం రాజు ముఖం నున్నగా అరిగిపోయింది. పోతపోసిన నకిలీ అయితే రెండువైపులా ఒకేలా మొద్దుబారి ఉంటుంది. ఏ వైపు బయటికి వేసుకుంటావమ్మా అని అడిగాను.

"లచ్చిందేవి దిక్కు సార్. ఎవురో మొగోని మొగం తాళికి బయట ఎట్ల ఏసుకుంటారు? మా యత్త గూడా అట్లనే ఏసుకునేది."

అప్పుడు నాకు విషయం తేలింది. వాళ్లు లక్ష్మి అనుకున్నది రోమన్ల దేవత. వెనకటి రోమన్ వర్తకంలో వచ్చిన ఇలాంటి కాసులు మన నేలలో అప్పుడప్పుడు దొరుకుతుంటాయి. పరాయి మగవాడని లోపలికి తిప్పిన చక్రవర్తి, ఏళ్ల తరబడి ఒంటికి రాసుకుని అరిగిపోయాడు. దారం ఒరుసుకుని పైనున్న కొక్కెం కూడా సన్నబడింది. కోడలు వేసుకున్న ఈ కొద్దికాలానికి అంత అరుగుదల రాదు. ఇది అసలు రోమన్ బంగారమే, మీ అమ్మ మెడలోదే అని అతనికి గట్టిగా చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు చాలా సంతోషం వేసింది.

మరిది గొంతు తగ్గించి, అమ్మ సొమ్ము కాబట్టి అన్నదమ్ములందరికీ భాగం ఉంటుంది కదా అన్నాడు.

ఆమె నా చేతిలోంచి తాళి తీసుకుని మెడలో వేసుకుంది. రాజును లోపలికి తిప్పుకుని మరిది వైపు తిరిగింది.

"దొంగదన్నపుడు నా ఒక్కదానిదే. మంచిదని తేలినంక అందరిదీ అయిందా అప్పా?"